పెద్దచెరువు మజిలీ

(రోలాలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీశైలం కాలిదారిలో మేము గడిపిన ఒక రాత్రిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. మేము వక్తలం కాము. ఇంటిల్లిపాదీ కలిసి నడిచిన దారి కనుక ఇందులో ‘నేను’ అనే మాటకు చోటు లేదు. ‘మేము’ అనే చెబుతాం.

మా నాయన 1976లో ఆత్మకూరు నుంచి ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఈ రోలాలో ఆ పెద్ద మర్రిచెట్టు ఇంకా ఉంది. అరబ్బీలో రోలా అంటే మర్రి అనే కదా. గదిలో ఎనిమిది మంది. శుక్రవారం వస్తే అందరూ ఆ చెట్టు కిందికే చేరేవారట. 1978లో ఆ చెట్టు కూలిపోయింది. ఇప్పుడు మన పిల్లలకు తెలిసింది స్క్వేరులోని స్మారకం మాత్రమే.

ఊరు వదిలిన రోజున నాయన ఒక మొక్కు మొక్కుకున్నారు: క్షేమంగా సంపాదించుకుని వస్తే, తన తండ్రి నడిచిన దారినే శివరాత్రికి మల్లన్న దగ్గరకు నడిచి వస్తానని. ఆ తరువాత సెలవు దొరికిన ఏడు శివరాత్రి కలవలేదు, శివరాత్రి కలిసిన ఏడు సెలవు దొరకలేదు. గల్ఫులో బతికిన వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. అలా నలభై ఎనిమిదేళ్ళు గడిచాయి. 2024 మార్చిలో, డెబ్బై రెండేళ్ళ వయసులో, “ఇక మీరు తీసుకుపోతే పోతాను, లేకుంటే లేదు” అన్నారు. అన్నదమ్ములం ఇద్దరం, మా ఆడవాళ్ళు, నలుగురు పిల్లలు బయలుదేరాం. అంతకు ముందు రెండు నెలలు హట్టా కొండల్లో, షౌకా వాగు వెంట నడక అలవాటు చేసుకున్నాం. అక్కడ రాయే తప్ప నీడ లేదు. నల్లమలలో నీడకు కొదవ లేదు. తీరా వెళితే మోకాలికి మాత్రం రెండూ ఒకటే.

దారిని గురించి కొంచెం. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. ఘాటు రోడ్డు లేని రోజుల్లో రాయలసీమ వారికీ, కన్నడ దేశం వారికీ ఇదే రాచబాట. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయలుదేరి, శ్రీశైలానికి ఈ దారినే వెళ్ళారు. యాత్రికుల దగ్గర కందనూరు నవాబు పన్ను వసూలు చేసే కాలమది. వారి కాశీయాత్ర చరిత్రలో ఈ మజిలీల పేర్లు ఇవే. పేర్లు మారలేదు, దూరాలు మారలేదు. ఇప్పుడది పులుల అభయారణ్యం కనుక పండుగ రోజుల్లోనే అటవీశాఖ వారు నడవనిస్తారు.

అమెరికాలో చదువుకున్న మా మేనల్లుడు ఒకడు అక్కడి అపలాచియన్ ట్రెయిల్ గురించి చెబుతుంటాడు. దాదాపు 3,500 కిలోమీటర్ల కాలిబాట. మధ్యమధ్య మూడు గోడల పాకలు 250కి పైగా ఉన్నాయట. ముందు వచ్చినవాడు పడుకోవడం, వెనుక వచ్చినవాడికి జరిగి చోటివ్వడం. “మన దగ్గర ఇలాంటివి లేవు మామా” అని వాడి అభిప్రాయం. పెద్దచెరువుకు చేరేదాకా మేమూ అలాగే అనుకున్నాం.

తెల్లవారుజామున బయలుదేరాం. నాగలూటి వీరభద్రుని గుడి దగ్గర ఎండ ముదిరింది. అక్కడి నుంచి నాయన నడక తగ్గింది. “చెప్పులో రాయి” అన్నారు. రాయి లేదు, మోకాలు వాచింది. చేయి పట్టుకోనివ్వలేదు. దీపాల వేళ దాటాక పెద్దచెరువు చేరాం.

అక్కడి బస అంటే ఏమనుకున్నారు? నాలుగు గుంజలు, పైన టార్పాలిన్, కింద ఎండుగడ్డి మీద పట్టాలు. అన్నదానం వారి పొయ్యిలు మండుతున్నాయి. వందల మంది పడుకుని ఉన్నారు. మేము తొమ్మిది మందిమి వెలుగులో నిలబడిపోయాం. ఎవరూ లేచి కూర్చోలేదు, ఎవరూ మాట్లాడలేదు. పడుకున్న వరుస అంతా అటు నుంచి ఇటు ఒక జానెడు, ఒక జానెడు జరిగింది. అంతే, చోటు వచ్చింది. నాయనకు పక్కన రాయచూరు వైపు రైతు ఒకాయన. తన కంబళి సగం కప్పి మళ్ళీ నిద్రపోయాడు. అడవిలో మార్చి చలి ఇంత ఉంటుందని మేము అనుకోలేదు.

చెంచు గూడెం ముసలమ్మ ఒకామె వచ్చి నాయన మోకాలు చూసింది. ఏదో ఆకు వెచ్చజేసి కట్టింది. చెంచులకు మల్లన్న ఇంటి అల్లుడు. “మా అల్లుని పెండ్లికి పోతాండారు, కుంటుకుంటా పోతే బాగుండదు సామీ” అంది. మేమిచ్చిన వంద రూపాయలు తీసుకుంది. ఎందుకు తీసుకోదు?

మా పెద్దవాడికి నిద్ర పట్టలేదు. ఫోనులో సిగ్నలు లేదు, చెరువు గట్టున కప్పల అరుపు. “పులి వస్తే ఎవరు లేస్తారు తాతా?” అని అడిగాడు. “అందరం లేస్తాం. అందుకే అందరం ఒకచోట పడుకున్నాం” అన్నారు నాయన.

తెల్లవారింది. ముందున్నది భీముని కొలను లోయ. నిలువునా దిగి, నిలువునా ఎక్కాలి. నాయన లేచి నాలుగు అడుగులు వేశారు, నిలబడ్డారు. డోలీ మాట్లాడదామన్నాం. “నడిచి వస్తానని మొక్కుకుని డోలీలో పోతానా?” అన్నారు. కాసేపు చెరువు వైపు చూసి, “మీరు పోండి. మొక్కు ఇంటిది. మిగిలినది పిల్లలు నడుస్తారు” అన్నారు. మేము వాదించాం. మా తమ్ముడు ఏడ్చాడు. ఇప్పుడు ఈ సభలో ఆ మాట చెప్పినందుకు కోపగించుకోడని ఆశ. చివరకు నాయన మాటే నెగ్గింది.

మేము కైలాసద్వారం దాటి, శివరాత్రి జాగరణ చేసి, దోర్నాల మీదుగా బస్సులో తిరిగి ఆత్మకూరు వచ్చాం. నాయన అప్పటికే బియ్యం తెచ్చిన ట్రాక్టరులో ఇల్లు చేరి ఉన్నారు. కుడి అరచేయి బొబ్బలెక్కింది. రెండు రోజులూ అన్నం గంగాళం దగ్గర కూర్చుని గరిటె వదలలేదట.

చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దారంతా అడిగారు.

“భీముని కొలను దగ్గర దిగే మెట్లు ఎక్కువా, ఎక్కే మెట్లు ఎక్కువా?”

“ఎక్కేవే ఎక్కువ తాతా.”

“మా నాయన దిగేవే ఎక్కువ అనేవాడే!” అని కాసేపు ఆలోచించారు. “తిరుగు దారిలో లెక్కపెట్టి ఉంటాడులే” అన్నారు.