ఉపదేశి తాతగారు – మా జ్ఞాపకములు
(శృంగవరపుకోట కూటములో చదివిన ప్రసంగ పాఠము)



మా తాతగారిని గురించి నాలుగు మాటలు చెప్పమని కోరినప్పుడు మేము కొంచెం తటపటాయించాము. ఆయన గొప్పవారని చెప్పడానికి మీరందరూ ఉన్నారు. ఇంట్లో వారికి తెలిసిన సంగతులు వేరు. మనుమలము, మనుమరాండ్రము ఆరుగురము కూర్చుని ఈ కాగితము వ్రాశాము. జ్ఞాపకములు ఒకదానితో ఒకటి కలియని చోట పోట్లాడుకున్నాము కూడా. చదువుతున్నది ఒక్కరమే అయినా మాటలు ఆరుగురివీ.

తాతగారు పుట్టిన తేదీ ఆయనకే తెలియదు. “మొదటి జర్మనీ యుద్ధం నాటికి నడక వచ్చిన పిల్లవాణ్ణి” అనేవారు. 2004 లో కన్ను మూసేనాటికి తొంభై అటూ ఇటూ ఉండవచ్చును. ఆనెసి పట్టణము నుండి ఫ్రాన్సిస్ సలేసు సభ గురువులు విశాఖకు వచ్చింది 1846 లో. విశాఖ మేత్రాసనము ఏర్పడింది 1886 లో. మా కుటుంబము జ్ఞానస్నానము పొందింది తాతగారి తండ్రిగారి కాలములో. అంటే మేము నాలుగవ తరమువారము. ఈ లెక్క తాతగారు మా చేత వల్లె వేయించేవారు, ఎక్కములతో పాటు.

ఇరవై ఏళ్ళు నిండీ నిండకుండానే ఆయన ఉపదేశి అయ్యారు. ఉపదేశి పని ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పవలసి వస్తున్నది. ఆ రోజులలో గురువులు ఒక పల్లెకు ఏ నెలకో, రెండు నెలలకో వచ్చేవారు. మిగిలిన దినములలో జపము చెప్పించేది, పిల్లలకు జ్ఞానోపదేశము నేర్పేది, పెండ్లికి ముందు ఇరువైపుల వారినీ విచారించేది, ప్రాణము మీదికి వచ్చిన పసిబిడ్డకు జ్ఞానస్నానమిచ్చేది, గురువు అందకపోతే శవము దగ్గర నిలబడి ప్రార్థన చెప్పేది ఉపదేశే. కోట నుండి వేపాడ, లక్కవరపుకోట, జామి వైపు పల్లెలకు నడక. కొండ దిగువన బొడ్డవర వైపు వెళ్ళినప్పుడు మన్యపు జ్వరమునకు భయపడి, పోస్టాఫీసులో అమ్మే క్వినైను పొట్లాలు సంచిలో వేసుకొనేవారు. జపమాల, గొడుగు, క్వినైను, ఒక సిరాబుడ్డి, ఇదీ ఆయన సంచి.

పూజలో లాటిను జవాబులు ఆయన చెవితో విని నేర్చినవే. అర్థము అడిగితే “దేవుడికి తెలుసులే” అని నవ్వేవారు. వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో దేశభాషలలో ఆరాధనకు అనుమతినిచ్చిన తరువాత, మన గుడిలో తెలుగులో పూజ మొదలైనది. అప్పటికి ఆయనకు ఏబది దాటుతున్నవి. మొదటిసారి తెలుగులో విని ఇంటికి వచ్చి నాయనమ్మతో, “ముప్పై ఏళ్ళు నేనేమి చెబుతున్నానో ఇవాళ తెలిసింది” అన్నారట. ఆ తరువాత కూడా దీపము పెట్టే వేళ గొణిగేది మాత్రము లాటినే.

కాని కోటలో ఎక్కువమంది ఆయనను తలచుకొనేది గుడి పనులకన్నా కాగితములకే. మతము, కులము అడగకుండా ఎవరు వచ్చినా అర్జీ వ్రాసి పెట్టేవారు. 1960 లలో ఆ పని మరీ పెరిగింది. బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి కొత్తవలస – కిరండూల్ రైలు మార్గము వేస్తున్న రోజులవి. అవతల తాటిపూడి దగ్గర గోస్తనికి అడ్డముగా ఆనకట్ట పని. పల్లెల నుండి వందలమంది కూలికి వెళ్ళేవారు. రావలసిన కూలికి అర్జీ, చెయ్యి విరిగితే అర్జీ, ఇంటికి ఉత్తరము, ఇంటి నుండి జవాబు. “బాబూ, కాసింత రాసీ” అంటూ తెల్లవారకుండానే వీధి అరుగు మీద మనుషులు. ప్రతి దానికీ కార్బను నకలు తీసి ట్రంకు పెట్టెలో దాచేవారు. పైసా పుచ్చుకొనేవారు కారు. పెరటి పనసకాయలు సంతలో అమ్మి నాయనమ్మ కార్బను కాగితములు కొన్నదంటే మీరు నవ్వవచ్చును, మా ఇంట అది నవ్వుల మాట కాదు. ఆమె అనేది: “ఆయన నలుగురికి కాయితాలు రాస్తే నాను నలుగురికి చోడి అంబలి కాసినాను. ఎవులిది పెద్ద సేవో దేవుడికే ఎరుక.”

1979 జూన్ 1 న విజయనగరము జిల్లా ఏర్పడి శృంగవరపుకోట అందులో చేరినప్పుడు, తాతగారు చాలా కాలము అలవాటున విశాఖపట్నం జిల్లా అనే వ్రాశారు. ఉత్తరాలు చేరుతూనే ఉండేవి.

ఇక చెప్పవలసినది, చెప్పాలా వద్దా అని మేము రెండు రాత్రులు వాదించుకొన్న సంగతి. మా పెదనాన్నగారి అనుమతితోనే చెబుతున్నాము. ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు.

1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము, హిందూ మతము కాక వేరొక మతమును అవలంబించువారు షెడ్యూల్డు కులస్థులు కారు. 1956 లో సిక్కులకు, 1990 లో బౌద్ధులకు ఆ నియమము సడలినది. క్రైస్తవులకు సడలలేదు. గుడికి వెళ్ళినంత మాత్రాన పేటలో ఎవరి బావి ఎవరికి తెరిచారో మీకు తెలుసు. అంటరానితనము పోలేదు, దానికి ఇచ్చే ఆసరా మాత్రము పోయింది. మన రాష్ట్రములో ఈ కుటుంబములను వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చి నూటికి ఒక్క వంతు ఇచ్చింది 1970 లో.

పెదనాన్నగారు ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యింది అంతకు చాలా ముందు. కాలేజీలో చేరాలంటే స్కాలర్‌షిప్పు, హాస్టలు కావాలి. దరఖాస్తులో మతము అన్న గడి ఉన్నది. ఒక ఉపాధ్యాయుడు, మంచి మనస్సుతోనే, “ఉపదేశిగారూ, అక్కడ హిందువు అని వ్రాయండి, కుర్రవాడు పైకి వస్తాడు” అని చెప్పారు. పేటలో అలా వ్రాసుకొన్న ఇండ్లు ఉన్నవి. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. వారిని తాతగారు ఒక్కనాడూ తప్పు పట్టలేదు. పట్టకపోగా, ఆ సంవత్సరమే పెదనాన్నగారి తరగతివాడే అయిన ఒక కుర్రవాడికి వారి తండ్రి అడిగినట్లే దరఖాస్తు తన చేతితో పూర్తి చేసి ఇచ్చారు. తన కొడుకుకు మాత్రము వ్రాయలేదు. పేటకంతటికీ ఉపదేశము చెప్పే నోరు, తన ఇంట ఇంకొకటి చెప్పలేదన్నారు.

ఆ కుర్రవాడు చదువుకొని ప్రభుత్వోద్యోగములో పెద్ద స్థాయికి వెళ్ళాడు. పెదనాన్నగారు తట్ట పట్టి రైలు పనికి వెళ్ళారు. ఆ తరువాత అదే లైనులో గ్యాంగుమన్‌గా చేరి, ఎండలో, వానలో, శివలింగపురము ఘాటులో పట్టాలు కాచి రిటైరయ్యారు.

“ఊరోళ్ళ బిడ్డలకి రాసిన సెయ్యి నాకెందుకు రాయలేదు?” అని ఆయన ఒక క్రిస్మసు రాత్రి అడగడము మాలో పెద్దవారు విన్నాము. తాతగారు జవాబు చెప్పలేదు. లేచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. నాయనమ్మ వెళ్ళి పిలిచేదాకా లోపలికి రాలేదు. తండ్రీ కొడుకులు మాట్లాడుకొనేవారు, పండుగకు ఒకే పీట మీద భోజనము చేసేవారు. ఆ మాట మాత్రము అలాగే మిగిలిపోయింది.

ఆయన చేసింది ఒప్పా అని మమ్మల్ని అడిగితే మేము ఆరుగురము ఒక మాట చెప్పలేము. మాలో ఇద్దరు ఆయన పక్షము, ముగ్గురు పెదనాన్నగారి పక్షము. ఒకరు ఉత్తర్వును తిట్టండి, ఇంట్లో వాళ్ళను కాదు అంటారు. ఆ ఉత్తర్వు వ్రాసిన గడిలో ఒక తండ్రి, ఒక కొడుకు నలభై ఏళ్ళు ఇరుక్కొన్నారన్నది మాత్రము నిజము.

తాతగారు పోయిన నలభైయవ దినమున ట్రంకు పెట్టె తెరిచాము. చెదలు తిన్నవి పోగా కట్టలు కట్టలుగా కార్బను నకళ్ళు. అడుగున, మడత పెట్టిన ఒక దరఖాస్తు. నకలు కాదు, అసలు. పెదనాన్నగారి పేరు, పుట్టిన తేదీ, మార్కులు, తండ్రి వృత్తి, అన్నీ గుండ్రని అక్షరములతో నింపి ఉన్నవి. మతము గడి ఖాళీ. కలము పెట్టి తీసినట్లు ఒక సిరా చుక్క ఉన్నది. అది ఏమని వ్రాయబోయిన చుక్కో మాకు తెలియదు. పెదనాన్నగారు ఆ కాగితము చాలాసేపు చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, “ఇది నా కాడ ఉంటాది” అన్నారు. ఇప్పటికీ ఆయన దగ్గరే ఉన్నది.

సమాధి రోజున ఆ పాత తరగతి స్నేహితుడు కూడా వచ్చారు. పెదనాన్నగారి ప్రక్కన నిలబడి శవపేటికకు భుజము పట్టారు. ఇద్దరూ ఏమి మాట్లాడుకొన్నారో మేము అడగలేదు.

మా తాతగారి కాగితములలో మీ కుటుంబములకు చెందిన ఉత్తరములు, అర్జీల నకళ్ళు ఉండవచ్చును. కావలసినవారు పెదనాన్నగారి ఇంటికి వస్తే వెదికి ఇస్తాము.