బడికి మాత్రమే డబ్బుండదా?

అక్కలారా, చెల్లెళ్లారా,

బడ్జెట్ అనగానే అదేదో ఢిల్లీలో పెద్దవాళ్ల వ్యవహారం అనుకుంటాం. కానీ ఇల్లు గడిపేది మనమే. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఏ ఖర్చు ఆపాలో, ఏది ఆపకూడదో మనకు బాగా తెలుసు. ఆ అనుభవంతోనే ఈ లెక్క చూద్దాం.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించింది 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు. విద్యాశాఖకు 1 లక్షా 28 వేల కోట్లు. అంటే చదువుకు ఒక రూపాయి అయితే సైన్యానికి ఐదు రూపాయల పైమాటే. బడుల ఖర్చు ఎక్కువగా రాష్ట్రాలే భరిస్తాయి కదా అంటారు. నిజమే. కానీ రెండు ప్రభుత్వాల ఖర్చు కలిపినా ఇచ్చిన మాట నెరవేరలేదు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 1968 విద్యావిధానం ఒప్పుకుంది. 1986లోనూ, 2020లోనూ మళ్లీ అదే మాట రాసుకున్నారు. అమలయితే ఇన్నిసార్లు రాయాల్సిన పనేముంది?

పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత, నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని 1950లో రాజ్యాంగం ఆదేశించింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చేసరికి 2010 అయింది. ఈలోగా 1974లో, 1998లో అణుపరీక్షలు జరిగాయి. డబ్బు లేదని అవి ఆగలేదు.

ఈ లోటు భర్తీ చేసేదెవరు? హైస్కూలు దూరమైతే, బడిలో మరుగుదొడ్డి లేకపోతే ముందు చదువు మానేది ఆడపిల్లే. చెల్లినో తమ్ముణ్నో ఎత్తుకుని ఇంట్లో కూర్చునేదీ ఆమే. ప్రభుత్వం పెట్టని ఖర్చు ఆమె బతుకులోంచి పోతోంది.

సరిహద్దులో ఉన్నవాళ్లూ మన బిడ్డలే. వాళ్ల జీతంలో, పింఛనులో కోత పెట్టమని మనం అడగడం లేదు. ఆయుధాల కొనుగోలుకు పెట్టే ప్రతి రూపాయికీ లెక్క అడుగుతున్నాం. పొరుగు దేశాలతో చర్చలు జరపమంటున్నాం. కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసుకుంది. చదువుకు జాతీయాదాయంలో 8 శాతానికి తగ్గకుండా ఖర్చు పెట్టాలని తన రాజ్యాంగంలోనే రాసుకుంది. మన సరిహద్దులు వేరు, అచ్చంగా అలా చేయలేకపోవచ్చు. కానీ దేశ రక్షణలో చదువు కూడా భాగమేనని ఆ చిన్న దేశం గుర్తించింది.

చదువు ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది. పలకా బలపానికి ఎంత ఖర్చయిందని?

ఢిల్లీ లెక్క ఒక్కరోజులో మారదు. మన ఊరి నుంచి మొదలుపెడదాం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. సంతకం పెట్టి వచ్చేయకండి. ఎన్ని గదులు కావాలి, ఎందరు టీచర్లు తక్కువ, మరుగుదొడ్డికి నీళ్లున్నాయా అని అడిగి రాయించండి. డబ్బు లేదంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. ఊరూరి నుంచి ఆ కాగితాలు పోగుచేసి ఓటడగడానికి వచ్చినవాళ్ల ముందు పెడదాం. డబ్బు ఎటు పోయిందో అప్పుడు వాళ్లే చెప్పాలి.