దాచి ఆరేస్తే ఆరవు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు, అప్పు, వాయిదాల గురించి అందరూ చక్కగా చెప్పారు. మేము మాత్రం మన లోబట్టల గురించి చెబుదామని వచ్చాం. అంటే బాడీలు, డ్రాయర్లు, లోలంగాలు. నవ్వొచ్చినవాళ్ళు నవ్వేయండి, ఏం ఫర్వాలేదు. మా గ్రూపు మీటింగులో ఈ మాట వచ్చినప్పుడు మేమూ నవ్వుకున్నాం. తర్వాత ఒక్కొక్కరూ నోరు విప్పేసరికి నవ్వు ఆగిపోయింది. ఒకరికి రొమ్ము కింద ఒరిసిపోయి మంట. ఒకరికి గజ్జల్లో తామర. ఇంకో చెల్లి ఏడాదిగా దురదతో బాధపడుతూ ఇంట్లో అత్తగారికి కూడా చెప్పలేదు. నెలనెలా మందుల ట్యూబులకు డబ్బు పోస్తోంది.

మన ఊరి సంగతి మనకు తెలిసిందే కదండీ. పక్కనే గోదావరి, ఎండాకాలం ఉక్కపోత, ఆషాఢం నుంచి ముసురు, ఆ తర్వాత వరదలు. చెమట పట్టని రోజు తక్కువ. ఇలాంటి చోట లోబట్టలు మనం ఎక్కడ ఆరేస్తున్నాం? దండెం మీద ముందు చీర, దాని కింద తువ్వాలు, ఆ తువ్వాలు కింద బాడీ. లేదంటే బాత్‌రూమ్ తలుపు వెనక మేకుకి. మగవాళ్ళ బనియన్లు మాత్రం వీధి గుమ్మం ముందు గాలికి ఎగురుతుంటాయి. చీర కింద దాచిన బట్టకి గాలి తగలదు. పైకి ఆరినట్టే ఉంటుంది గానీ ఎలాస్టిక్ పట్టీలో, కుట్లలో చెమ్మ మిగిలిపోతుంది. పొద్దున్నే పనికి వెళ్ళే తొందరలో అదే వేసుకుంటాం.

తామర అనేది ఒక రకం బూజు. వెచ్చగా, చెమ్మగా ఉన్నచోట పెరుగుతుంది. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే ఇంట్లో అందరికీ అంటుకుంటుంది. మనమేమో సిగ్గుపడి డాక్టరు దగ్గరకు వెళ్ళం. మందుల షాపులో దురదకి ఏదో ఒకటి ఇవ్వమని ట్యూబు తెచ్చుకుంటాం. అలాంటి కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, మానేయగానే తామర ఇంకా పెద్దదై వస్తుంది. కాబట్టి దురద వారం దాటినా, మచ్చ పెద్దదవుతున్నా మన పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మగ డాక్టరుకి చెప్పడం ఇబ్బందైతే అక్కడి నర్సమ్మకు గానీ, మన ఆశా కార్యకర్తకు గానీ ముందు చెప్పండి.

ఇక ఉతకడం సంగతి. జాకెట్టుకీ బాడీకీ తేడా ఎలాస్టిక్. ఇప్పుడు వచ్చే సాగే బట్టలో స్పాండెక్స్ అనే దారం ఉంటుంది. 1958లో అమెరికాలో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే ఆయన దీన్ని కనిపెట్టారు. లైక్రా అని పేరు వింటుంటాం, అదే ఇది. ఎంత లాగినా మళ్ళీ వెనక్కి వస్తుంది గానీ మరిగే నీళ్ళకీ, బ్లీచింగుకీ, ఇస్త్రీ పెట్టె వేడికీ మాత్రం పాడైపోతుంది. అందుకని మేము ఇలా చేస్తున్నాం.

బాడీని చల్లటి నీళ్ళలో గానీ, గోరువెచ్చటి నీళ్ళలో గానీ ఒక పావుగంట నానబెడతాం. సర్ఫు కొంచెం చాలు. లేసు ఉన్నదీ, ఖరీదైనదీ అయితే కుంకుడుకాయ రసం. పట్టుచీరలకు మన అమ్మమ్మలు వాడింది అదే కదా. అది లేకపోతే షాంపూ ప్యాకెట్‌లో సగం. బండకేసి బాదకూడదు, బ్రష్ పెట్టి రుద్దకూడదు. చంకల దగ్గర, కింది పట్టీ దగ్గర చెమట పడుతుంది కాబట్టి అక్కడ వేళ్ళతో మెల్లగా రుద్దితే చాలు. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. సబ్బు మిగిలిపోయినా చర్మం దురద పెడుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న పేటల్లో సబ్బు సరిగా వదలదు, చివరి జాడింపుకైనా కుళాయి నీళ్ళు వాడండి.

మెలిపెట్టి పిండవద్దు. కప్పులు వంకర పోతాయి, పట్టీ సాగిపోతుంది. పొడి తువ్వాలులో చుట్టి అదిమితే నీళ్ళు దిగిపోతాయి. వాషింగ్ మెషీన్‌లో వేసేవాళ్ళు హుక్కులు పెట్టేసి, పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి వేయండి. లేకపోతే హుక్కులు వేరే బట్టలకు పట్టుకుని చింపేస్తాయి.

ఆరేసేటప్పుడు భుజం పట్టీలతో వేలాడదీస్తే తడి బరువుకి సాగుతాయి. కింది పట్టీకి క్లిప్పులు పెట్టండి, లేదా మధ్యలోకి మడిచి దండెం మీద వేయండి. గాలి బాగా ఆడేచోటు కావాలి. బాడీలకు పొద్దుటి ఎండ చాలు, మిట్టమధ్యాహ్నం ఎండలో రోజూ ఉంటే ఎలాస్టిక్ పెళుసెక్కుతుంది. నూలు డ్రాయర్లు, నెలసరి గుడ్డలు మాత్రం మంచి ఎండలోనే ఆరాలి. నెలసరి రక్తం అంటిన గుడ్డని ముందు చల్లటి నీళ్ళలోనే జాడించండి, వేడి నీళ్ళు పోస్తే మరక ఉండిపోతుంది. తామర ఉన్నవాళ్ళు తగ్గేదాకా నూలువే వాడి, విడిగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేసుకోవాలి.

ముసురు పట్టినప్పుడు ఏం చేయాలని అడుగుతారు. తువ్వాలులో అదిమేసి రాత్రి ఫ్యాను కింద విడివిడిగా వేయండి. నూలు డ్రాయరుకి ఇస్త్రీ పెట్టె వేస్తే మిగిలిన చెమ్మ పోతుంది, నడుము ఎలాస్టిక్‌కి మాత్రం తగలనివ్వకండి. కార్తీక మాసంలో కోటిలింగాల రేవుకో, పుష్కర రేవుకో స్నానానికి వెళ్ళి, తడి లోబట్టల మీదే పొడి చీర చుట్టుకుని గుడికి వెళ్ళిపోతాం. సంచిలో ఒక జత పొడివి పెట్టుకోండి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఇంటికి చుట్టాలు వస్తారు, వాళ్ళకీ చెప్పండి.

డబ్బు లెక్క కూడా చూడండి. 200 రూపాయల బాడీ నాలుగు నెలలకే సాగిపోతే ఏడాదికి మూడు కొనాలి, 600 రూపాయలు. అదే ఏడాది నిలబడితే 400 మిగులుతాయి. మూడు కొనుక్కుని మార్చి మార్చి వేసుకుంటే ఎలాస్టిక్‌కి విశ్రాంతి దొరుకుతుంది, ముసురులో తడిది వేసుకునే అవసరమూ రాదు. తాడితోట హోల్‌సేల్ మార్కెట్లో సరుకు తెచ్చి ఇళ్ళ దగ్గర అమ్ముకునే సభ్యులు మనలో ఉన్నారు. ఉతికే విధానం కూడా చెప్పి అమ్మండి, కొన్నవాళ్ళు మళ్ళీ మీ దగ్గరకే వస్తారు.

అన్నిటికన్నా కష్టమైంది దండెం దగ్గర సిగ్గు. మాలో కొందరు లైను ఇళ్ళల్లో ఉంటాం. ఒకే డాబా, నలుగురి బట్టలు. ఎవరో ఏదో అంటారని భయం నిజమే. అందుకే ఆ నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాం. డాబా మీద గాలి ఆడే పక్కన ఒక తాడు లోబట్టలకే కట్టాం. ఇంట్లో మగపిల్లలకు కూడా చెప్పాం, అవి కూడా బనియన్ లాంటి బట్టలేరా, ఆరితే తీసి మడతపెట్టు అని. మొదట్లో మొహం తిప్పుకున్నారు. ఇప్పుడు వాన చినుకు పడితే వాళ్ళే పరిగెత్తి తెస్తున్నారు. ఆ దురద పడ్డ చెల్లి కూడా డాక్టరమ్మకి చూపించుకుంది, ఇప్పుడు నయం.

తోటి గ్రూపులకు మా మనవి ఒక్కటే. వచ్చే నెల మీటింగులో పొదుపు కట్టాక ఒక పావుగంట ఈ విషయానికి ఇవ్వండి. ఎదిగిన ఆడపిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. చీర కింద దాచమని మనకు ఎవరు నేర్పారో గానీ, మన పిల్లలకు మాత్రం మనం నేర్పొద్దు.