ఎల్-1 పక్కన రాయని ఖర్చు

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన రైల్వే స్టోర్సులో టెండర్లు విప్పిన మనిషి. అందుకని ఆయన బల్ల మీది ప్రశ్ననే ఎత్తుకుంటున్నాను: సర్కారు కొనేటప్పుడు చిన్నవాడికి, మనవాడికి మొగ్గు చూపితే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

సికింద్రాబాదుకు ఇది ఇంటి విషయం. 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వే కేంద్రం ఇక్కడే. లాలాగూడ వర్క్‌షాపు నిజాం రైల్వే నాటిది. మౌలాలి షెడ్లలో లేతు పట్టేవాళ్ల చూపు, ఇంత పెద్ద కొనుగోలుదారు పక్కనే ఉంటే, అటు పోక ఎటు పోతుంది?

కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో కొంత సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే తీసుకోవాలని 2012 నుంచి విధానం ఉంది. మొదట 20 శాతం, 2018లో 25 అయింది. వంద వస్తువుల టెండరు అనుకోండి. పెద్ద కంపెనీ ఒక్కోటి వెయ్యికి వేసి ఎల్-1, అంటే అందరికంటే తక్కువ రేటువాడు, అయింది. మౌలాలి చిన్న పరిశ్రమ 1,140 వేసింది. తేడా 15 శాతం లోపే కాబట్టి, వెయ్యికే ఇస్తావా అని అడుగుతారు. సరేనంటే పాతిక దానివి. ఫైలులో అదనపు ఖర్చు సున్నా. ఆడిట్‌వాళ్లు అడగడానికేమీ లేదు.

ఆ సున్నాను నేను నమ్మను. వచ్చే టెండరుకు పెద్ద కంపెనీ డెబ్బై అయిదుకే లెక్క వేసుకుంటుంది, రేటు ఆ మేరకు లేస్తుంది. వెయ్యికి తలూపిన చిన్నవాడు ఆ 140 ఎక్కడో మిగుల్చుకోవాలి: ఉక్కులోనో, కూలిలోనో, డెలివరీ తేదీలోనో.

ఇది నా ఊహే కాదు. కాలిఫోర్నియాలో రాష్ట్ర నిధుల రోడ్డు పనులకు చిన్న కాంట్రాక్టర్లకు 5 శాతం వెసులుబాటు ఉండేది, ఫెడరల్ నిధుల పనులకు లేదు. జస్టిన్ మేరియన్ అనే ఆర్థికవేత్త 2007లో రెంటినీ పోల్చారు. వెసులుబాటు ఉన్నచోట ధర 3.8 శాతం ఎక్కువ తేలింది. తక్కువకు చేయగల పెద్దవాళ్లు టెండరు వేయడమే తగ్గించారు మరి.

మొగ్గు మరీ ముదిరితే ఏమవుతుందో మనకు కాలిఫోర్నియా చెప్పనక్కర్లేదు. టెండరు బాక్సు దగ్గర కాపు కాసి బయటివాణ్ణి రానివ్వని రింగులు గుర్తున్నాయా? ఏ జీవోలోనూ లేని స్థానిక ప్రాధాన్యం అది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ టెండర్లు మొదలుపెట్టాక బాక్సే లేకుండా పోయింది, 'లెస్' వేసేవాళ్లు, అంటే అంచనా కంటే తక్కువకు చేస్తామనేవాళ్లు, ముందుకొచ్చారు.

పైగా కేంద్ర విధానంలో మౌలాలికీ లూధియానాకూ తేడా లేదు. రెండూ దేశంలోని చిన్న పరిశ్రమలే. తయారుచేయకుండా అమ్మే రాణిగంజ్ వ్యాపారికైతే ఆ వాటాలో చోటే లేదు. సొంత ఊరి పేరు చెప్పి తలుపు మూద్దామన్నా కుదరదు. రాష్ట్రంలోనే సరఫరా చేసిన అనుభవం ఉండాలన్న ఛత్తీస్‌గఢ్ స్పోర్ట్స్ కిట్ల టెండరు షరతును 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అలాగని మొగ్గు ఎప్పుడూ దండగే అనను. ఒక్కడే ఏలుతున్న సరుకులో రెండోవాణ్ణి నిలబెడితే మొదటివాడి రేటు దిగుతుంది. అయితే నిలబడేది డబ్బు చేతికందితేనే. చిన్న పరిశ్రమల 2006 చట్టం 45 రోజుల్లో చెల్లించమంది, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అంది. ఆ వడ్డీ అడిగి, మళ్లీ ఆర్డరు కోసం అదే గుమ్మం ఎక్కే ధైర్యం ఎవరికుంది? ఆ 1,140లో బిల్లు కోసం ఎదురుచూసే వడ్డీ ఎంతో ముందు తేల్చండి. అది తేలేదాకా 25ను ముప్ఫై చేయమంటే నేను చేయెత్తను.