పాల ప్రోటీన్ పొర – దాని గట్టితనం



పాలు విరిగినపుడు గడ్డకట్టే ప్రోటీన్ పేరు కేసీన్. ఆవుపాల ప్రోటీన్‌లో సుమారు 80 శాతం అదే. దాని ద్రావణాన్ని పల్చగా పరచి ఆరబెడితే కాగితం వంటి పారదర్శకమైన పొర వస్తుంది. కాగిన పాలమీద కట్టే మీగడ కాదు సుమండీ!

ఉత్త కేసీన్ పొరను వంచితే అప్పడంలా విరుగుతుంది. ప్రోటీన్ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటమే కారణం. కాస్త గ్లిజరిన్ కలిపితే ఆ పట్టు సడలి పొర వంగుతుంది, సాగుతుంది. అయితే సాగుడు పెరిగేకొద్దీ బలం తగ్గి, తక్కువ లాగుడుకే తెగుతుంది. గాలిలోని తేమ కూడా గ్లిజరిన్ చేసే పనే చేస్తుంది. వానాకాలంలో అప్పడం మెత్తబడినట్లే ఇదీను. కాబట్టి పాల ప్యాకెట్టుకు ఇది ఒక్కటే పనికిరాదు.

2016 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశం జరిగింది. అక్కడ అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు నిమ్మజాతి పండ్ల పెక్టిన్ కలిపి ఈ పొరను గట్టిపరచిన వైనం వివరించారు. ఆక్సిజన్‌ను ఆపడంలో అది మామూలు ప్లాస్టిక్ పొరలకంటే 500 రెట్లదాకా మెరుగన్నారు. పైగా తినవచ్చు కూడా.

ఇక్కడే నాకొక అభ్యంతరం. పాలు అరగకపోవడం వేరు, పాల ప్రోటీన్ ఎలర్జీ వేరు. ఆ ఎలర్జీ ఉన్న పసివాడికి ఈ పొర ప్రాణాపాయం కావచ్చు. చుట్టిన కాగితంలో పాలున్నాయని తాతకైనా, అమ్మమ్మకైనా ఎలా తెలుస్తుంది? ఫైలుమీద 'అర్జెంట్' చీటీ వేసినంత స్పష్టంగా, మన చత్వారపు కళ్లకు ఆనేటట్లు, తెలుగులో ఆ మాట ముద్రించాలి.