పిట్టలదొర నవ్వు

నల్లగొండ, మహబూబునగరు పల్లెలలోని పెద్దవారికి పిట్టలదొరను గూర్చి చెప్పనక్కరలేదు. చినిగిన ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, గుబురు మీసము, భుజమున కొయ్యతుపాకి. ఇతనినే కొందరు తుపాకి రాముడనియు, కొందరు లత్కోరు సాబనియు పిలుతురు. వీధి మొదట నిలిచి తన ఐశ్వర్యమును వర్ణింప నారంభించును. తనకు నూరెకరముల తరి ఉన్నదట. చెరువు మాత్రము ఇంకను తవ్వలేదట! వేయి గుమ్మముల గడీ ఉన్నదట. గోడలు లేవు గనుక తలుపులతో పనిలేదట! ఈ ధోరణిలో ఊపిరి తిరుగకుండ చెప్పుకొనిపోవుచుండగా, ముందు పిల్లలు, పిదప అరుగులమీది వృద్ధులు, చివరకు బిందెతో నిలిచిపోయిన ఇల్లాండ్రును పకపక నవ్వుదురు.

ఇతడు వట్టి విదూషకుడు కాడని మాకు తోచును. వెట్టి సాగిన దినములలో గడీలోని అసలు దొరను చూచి నవ్వుటకు ఎవరికి గుండెలు గలవు? దొరవేషము వేసిన బీదవానిని చూచి నవ్వుటకు మాత్రము అడ్డులేదు. నవ్వు ఇతనిమీద, దెబ్బ ఆ దర్పముమీద. పగలంతయు మనసున అణచుకొన్నది సాయంత్రము ఒక గడియ నవ్వుతో వెలికి పోయెడిది.

దేహమునందును ఇట్టిదే జరుగును. కడుపు కండరములును, ప్రక్కటెముకల నడుమనున్న కండరములును మాటిమాటికి ముడుచుకొనుటచే ఊపిరి తెరలు తెరలుగా వెలువడును. గుండె కొంతసేపు వేగముగా కొట్టుకొని, నవ్వు ముగిసిన పిదప నెమ్మదించును. బిగిసియున్న కండరములు సడలును. ఆక్సుఫర్డు ఆచార్యుడు రాబిన్ డన్బరును, ఆయన సహచరులును 2011లో ప్రకటించిన పరిశోధనలో, కలసి కూర్చుండి హాస్యచిత్రములు చూచి నవ్వినవారు అంతకుముందుకంటె ఎక్కువ నొప్పిని ఓర్వగలిగిరి. మెదడున పుట్టు ఎండార్ఫినులు ఇందుకు కారణమని వారి ఊహ. కలసి అను మాటను శ్రోతలు గమనింపవలెను. అమెరికను శాస్త్రజ్ఞుడు రాబర్టు ప్రొవైను లెక్క ప్రకారము, మనుష్యుడు ఒంటరిగా ఉన్నప్పటికంటె నలుగురిలో సుమారు 30 రెట్లు అధికముగా నవ్వును.

నార్మన్ కజిన్స్ అను అమెరికను పత్రికాసంపాదకుడు 1964లో వెన్నెముకను బాధించు తీవ్రవ్యాధితో మంచము పట్టి, హాస్యచిత్రములు తెప్పించుకొని చూచెను. పది నిమిషములు కడుపార నవ్వినచో రెండు గంటలు నొప్పి లేని నిద్ర పట్టెడిదని 1976లో ఒక వైద్యపత్రికయందు వ్రాసెను. ఆయన కోలుకొనెను. అందు నవ్వు పాలెంతయో, తక్కిన చికిత్స పాలెంతయో ఒక్కరి అనుభవమునుబట్టి తేల్చలేము.

వెన్నెముక బిగిసినవారు మన నల్లగొండ జిల్లాలోనే ఉన్నారు. మర్రిగూడ, నాంపల్లి ప్రాంతములలో భూగర్భజలమునందలి ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఎముకలకెక్కి ఎందరి నడుములనో వంచినది. అట్టివానితో నవ్వుము, బాధ పోవునని చెప్పుట క్రూరత్వము. వానికి ముందు కావలసినది మంచినీరు. వాని నడకను చూచి నవ్వు నవ్వు కూడ ఒకటి కలదు. అది నవ్వినవారికి ఊరట నిచ్చునేమో గాని, వానిని ఇంటి లోపలికి తరుమును. పిట్టలదొర నేర్పు ఇక్కడనే ఉన్నది: అతడు తన్ను తానే నవ్వులపాలు చేసికొనును గాని, వీధిలో ఒకని లోపమును ఎత్తి చూపడు.

ఇక పాలమూరు మాట. గుంపుమేస్త్రీల వెంట దేశమంతట తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన కూలీలు ఈ మెట్టనేలవారే. కల్వకుర్తి ఎత్తిపోతల నీరు పారిన చోట్ల వలస తగ్గినదందురు, మంచిదే. వలస సాగిన ఏండ్లలో ఊరిలో మిగులువారు వృద్ధులు, చిన్నపిల్లలు. దొర వచ్చి ఎన్ని కోతలు కోసినను నవ్వు గుంపు ఏది? ఆ గుంపు చెదరుటయే అతని జీవనమునకును దెబ్బ. వీధి వీధిని నవ్వించి తెచ్చుకొను గింజలే అతని కూలి.

పట్టణములలో దీనికి మారుగా వేరొకటి వచ్చినది. 1995లో ముంబాయిలో మదన్ కటారియా అను వైద్యుడు అయిదుగురితో ఒక తోటలో నవ్వుల సంఘము ప్రారంభించెను. కొలది దినములకే చెప్పుకొను చతురోక్తులు తరిగిపోగా, కారణము లేకయే నవ్వుట అభ్యసించిరి! కారణము లేని నవ్వు మాకంతగా రుచింపదు. కాని ఉదయమున నలుగురు చేరి గాలి పీల్చుట మేలే. ఇటీవల కడుపునకు శస్త్రచికిత్స జరిగినవారును, గిలక దిగినవారును వైద్యుని అడిగి మరి నవ్వవలెను. వారములు గడచినను నిద్రపట్టక, మనసు క్రుంగియున్నవారికి నవ్వు చాలదు. వైద్యుని చూడవలెను, 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై మాటాడవచ్చును.

మా హాస్యనాటికలు వినునపుడు రేడియోను పడకగదినుండి నడవలోనికి తెచ్చుకొనుడు. ఎదురింటి ముసలమ్మను కూడ పిలువుడు. కొడుకును కోడలును పూనాలో పనిచేయుచున్నచో, ఆమె ఎదుట కూర్చుండి నవ్వువారు ఈ వారమంతయు ఎవరును ఉండియుండరు.