జమ్మును గుర్తించుట

చెరువులోను, కాలువ యంచునను పొడవుగా నెదిగిన ప్రతి నీటిమొక్కను తుంగ యనుట మనలో అనేకులకు వాడుక. మేమును అట్లే అనుచుంటిమి. ఒకనాడు మా ఊరి చెరువుగట్టున నిలిచి, తూమునకు అడ్డుపడినది తుంగయేనని వాదించుచుండగా, పశువుల కాపరి యొకడు ఆ కాడను విరిచి మా చేతిలో పెట్టి, "నలిపి చూడండి బాబూ" అనెను. నలిపితిమి. అది జమ్ము.

గుర్తించుటకు కన్నులకంటె వ్రేళ్లు మేలు. కాడను వ్రేళ్ల నడుమ త్రిప్పినపుడు మూడంచులు తగిలినచో అది తుంగ. తుంగజాతిలో గుండ్రని కాడ గలవియు లేకపోలేదు గాని, చేలలో మనలను బాధించునది మూడంచులదే. కాడ గుండ్రమై, కణుపులు కలిగియున్నచో రెల్లువంటి గడ్డిజాతి యనుకొనవచ్చును. జమ్ముకాడకు అంచులు లేవు; ఆకులు నాడాలవలె సన్నగా, నిడుపుగా, నిలువెత్తును మించి పెరుగును. గోధుమరంగు కంకి వచ్చినచో ఇక సందేహమే లేదు. పైభాగమున మగపూవులు, క్రింద ఆడుపూవులు. మన ప్రాంతపు సన్నాకు జమ్ములో ఆ రెంటి నడుమ కొంత ఖాళీ కాడ కనబడును. పండిన కంకిని తాకినంతనే దూది యెగురును. కంకి లేని దినములలో ఆకును అడ్డముగా కోసి చూడుడు: లోపల గాలిగదులు వరుసగా నుండును.

ఆ గాలిగదులే అసలు కీలకము. బురదలోని దుంపకు ఊపిరి వానిగుండనే దిగును. నీటికి పైన కోసిన జమ్ము మరల చిగిర్చును. వేసవిలో నీరు తగ్గినపుడు ఎండుమోళ్లతో సహా మొదలంట కోసి, వానలకు అవి మునిగియుండునట్లు చూచినచో గాలి యందక దుంప క్రుళ్లును. చేలోని తుంగకు ఈ ఉపాయము పనికిరాదు. దాని ముస్తలు నేలలో గొలుసువలె అల్లుకొనియుండును. పైన పీకినచో క్రింద మిగిలినది మొలచును. పేరు తప్పినచో కూలి వ్యర్థము.

అయినను జమ్ము గుర్రపుడెక్కవలె దక్షిణ అమెరికానుండి వచ్చినది కాదు, మన మొక్కయే. నీటిపక్షులు దాని మాటున గూళ్లు కట్టును. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేటివంటి చోట కొడవలి పట్టుట మన పని కాదు.

మా చెరువులో తూమునెదుట మాత్రమే కోయించి, ఎగువమూల జమ్మును ఉంచితిమి. కోసిన ఆకును ఆ కాపరియే తన పాకపై కప్పుకొనుటకు మోసికొనిపోయెను.